నీడ ఎటు వెయ్యాలి, మేడమ్

లెక్కల మాస్టారు తలుపు దగ్గర ఆగడం ఎప్పుడో మానేశాడు. మొదట్లో గుమ్మంలో నిలబడి, "మేడమ్, ఈ ఒక్క పీరియడ్ నాకిస్తారా, సిలబస్ వెనకబడింది" అని అడిగేవాడు. కొన్నాళ్ళకి అడగడం పోయి నవ్వడం మిగిలింది. తర్వాత ఆ నవ్వూ పోయింది. తిన్నగా లోపలికి వచ్చి, బోర్డు మీద డ్రాయింగు టీచరమ్మ సగం గీసిన ఆకుని ఆ చివర నుంచి తుడుచుకుంటూ వచ్చేవాడు. ఆమె చెయ్యి ఇంకా కాడ దగ్గరే ఉండేది. సుద్దముక్క పెట్టెలో పెట్టి, వేళ్ళు దులుపుకుని, "పర్లేదండీ" అని బయటికి వచ్చేసేది.

ఆ "పర్లేదండీ" మీదే ఆ హైస్కూలు చాలా ఏళ్ళు నడిచింది. లెక్కలకి ఒకటి, సైన్సుకి ఒకటి, ఇంగ్లీషు మేడమ్ సెలవు పెట్టి వచ్చాక ఆవిడకి ఒకటి. వారంలో చిత్రకళకి టైంటేబుల్లో ఉన్న గడులన్నీ ఇలాగే పంపకమైపోయేవి. టైంటేబుల్లో మాత్రం చిత్రకళ అని ముద్దుగా రాసి ఉండేది. ఆ అక్షరాలు కూడా ఆమె రాసినవే.

పైగా అది ఆటవిడుపు కాదు, పరీక్ష సబ్జెక్టు. పై తరగతిలో దాన్ని ఎంచుకున్న పిల్లలు ఏడాది పొడవునా వేసిన బొమ్మల్ని అట్ట ఫైల్లో పెట్టి ఇవ్వాలి. వేరే బడి నుంచి పరీక్షాధికారి వచ్చి చూసి మార్కులు వేస్తాడు. తేలిగ్గా మార్కులు రాలే సబ్జెక్టని దానికి పేరు. అందుకే తల్లిదండ్రులు ఎగబడి తీసుకోమనేవాళ్ళు, అందుకే దాని పీరియడ్లు ఎవరు పట్టుకుపోయినా ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

డ్రాయింగు గదికి ఓ పెద్ద కిటికీ ఉంది. ఉంది అనడం కన్నా ఉండేది అనాలి. విరిగిన బల్లలు ఎక్కడ పడెయ్యాలో తోచక హెడ్మాస్టరు ఆ గదిని చూపించాడు. "మీ గదిలో ఎలాగూ పెద్ద పనుండదు కదమ్మా, నాలుగు రోజులు సర్దుకోండి" అన్నాడు. బల్లలు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కిటికీని మింగేశాయి. నాలుగు రోజులు ఏళ్ళయ్యాయి. ఆమె సర్దుకుంది.

స్కూలు వార్షికోత్సవం బ్యానరు, హెడ్మాస్టరు గది మీద పేరు, బహుమతి పత్రాల మీద పేర్లు, వీటన్నిటికీ పిలుపు వచ్చేది. అప్పుడు మాత్రం ఆమె కళ అందరికీ గుర్తొచ్చేది.

మరి ఫైళ్ళ సంగతి? పరీక్ష దగ్గరపడేసరికి పిల్లల దగ్గర బొమ్మలుండేవి కావు. ఎలా ఉంటాయి? "ఎలాగో చూసుకోండమ్మా, బడి పేరు పోకూడదు" అనేవాడు హెడ్మాస్టరు. ఎలాగో చూసుకోవడమంటే ఏమిటో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇద్దరికీ తెలిసిన సంగతి కాబట్టి ఇద్దరూ ఎటో చూస్తూ మాట్లాడుకునేవాళ్ళు.

ఆమె కాగితాల కట్ట, చూసి వెయ్యడానికి పెట్టే బడి కూజా ఇంటికి తెచ్చుకునేది. భర్త సిటీ బస్సు డ్రైవరు, సాయంత్రం డ్యూటీ. వంటింటి గోడకి ఆనించి ఓ బల్ల ఉంది. దానికి కుడి పక్కన ట్యూబ్ లైటు. బల్ల మీద మడతలు పడేలా ఓ గుడ్డ పరిచి, మూతి చిట్లిన ఆ మట్టి కూజాని, పక్కన రెండు ఉల్లిపాయల్ని పెట్టి, క్లాసులో ఎంతమంది ఉంటే అన్నిసార్లు వేసేది.

పక్కనే వంట చేస్తూ అత్తగారు చూస్తుండేది.

"అన్నీ అదే కూజా ఏమిటే?"

"పిల్లలవి అత్తయ్యా."

"పిల్లలవైతే పిల్లలేరీ?"

కోడలు పెన్సిల్ చెక్కుకుంది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ఓ కాగితం అందుకుంది. "ఇది మాత్రం భలే వచ్చింది. నిజం కూజాలా ఉంది."

కోడలు గబుక్కున ఆ కాగితం లాక్కుని, రబ్బరుతో కూజా మూతి చెరిపి వంకరగా గీసింది.

"అయ్యో, బాగున్నదాన్ని పాడుచేశావేం?"

"ఈ అబ్బాయి ఇంత బాగా వెయ్యడు అత్తయ్యా."

"వాడసలు వెయ్యలేదు కదే."

కోడలు రబ్బరు పొట్టు ఊదేసి ఇంకో కాగితం తీసుకుంది. అత్తగారు బల్ల మీదికి చెయ్యి చాపింది, "పోనీ ఆ ఉల్లిపాయలైనా ఇటిస్తావా, కూరలోకి."

"రేపిస్తాను. ఇంకా నలుగురు వెయ్యాలి."

నవ్వొచ్చే మాటే. ఆమెకి మాత్రం రాలేదు. కాలేజీలో ఆమె గీతని చూసి గురువులు ఒక్క నిమిషం ఆగేవాళ్ళు. ఆ చేతికి ఇప్పుడు పట్టుబడిన విద్య ఏమిటంటే, బాగా వెయ్యకపోవడం. ఒకడిది కాగితం చిరిగేలా నొక్కి గీసే చెయ్యి. ఒక అమ్మాయి భయం భయంగా గీతని ముక్కలు ముక్కలుగా గీస్తుంది. ఇంకొకడు గుండ్రం ఎప్పుడూ మూయడు. చేతిరాతలు చూసి ఊహించుకుని, ఎవరి లోపం వాళ్ళకి పంచేది. బొటనవేలికి పెన్సిల్ పొడి రాసుకుని అంచుల్లో ముద్రలు వేసేది. ఓ నాలుగు కాగితాల్ని నలిపి మళ్ళీ సాపు చేసేది. ఇంత జాగ్రత్త పడింది. కానీ ట్యూబ్ లైటు మాత్రం గోడకే ఉంది, దాని చోటు మారలేదు. అన్ని బొమ్మల్లోనూ కూజా నీడ ఎడమవైపే పడింది. అది ఆమెకి తట్టలేదు.

క్లాసులో ఒక్క ఫైలు మీద మాత్రం ఆమె చెయ్యి పడలేదు. అది ఉడుతది.

సన్నగా, చురుగ్గా ఉండే ఆ పిల్లకి ఉడుత అనే పేరు ఎందుకొచ్చిందో ఆ గది చూస్తే తెలుస్తుంది. పోగేసిన బల్లల కింద ఓ సందు ఉంది. భోజనాల బెల్లు కొట్టగానే ఆ సందులోంచి దూరి కిటికీ దగ్గర తేలేది. అక్కడ ఓ మనిషి కూర్చునేంత చోటు, దాని నిండా వెలుతురు. ఓ విరిగిన బల్ల మీద గుడ్డ పరిచి కూజా పెట్టుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని వేసుకునేది. టీచరమ్మ సందు దగ్గర వంగి, "అన్నం తిన్నావటే?" అని అడిగేది. "తింటున్నాను మేడమ్" అని లోపల్నుంచి పెన్సిల్ చప్పుడుతో పాటు జవాబు వచ్చేది.

ఉడుత తల్లి వీధి చివర బట్టలు ఇస్త్రీ చేస్తుంది. "నేను పొద్దస్తమానం మడతలు పోగొడుతుంటే ఇది కాగితం నిండా మడతలు పెడుతుంది, తల్లీకూతుళ్ళకి పొత్తు ఎలా కుదురుతుంది" అని బట్టలిచ్చేవాళ్ళతో నవ్వుతూ చెప్పుకునేది. నిజమే, గుడ్డ మడతని ఆ పిల్ల వేసినట్టు ఎవరూ వెయ్యలేరు. ఆర్ట్ కాలేజీలో చేరాలని ఉడుత కోరిక. దానికి చిత్రకళలో మంచి గ్రేడు రావాలి. ఆ ఫైలే ఆమెకి దారి.

పరీక్షాధికారి వచ్చిన రోజు, బల్లల గుట్ట ముందున్న ఖాళీలో ఓ టేబులు వేశారు. ఆయన కూడా ఓ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారే, జుట్టు నెరిసినాయన. కూజా బొమ్మలన్నీ తీసి టేబులు మీద వరసగా పరిచాడు. అటూ ఇటూ నడిచాడు. ఒక కాగితం దగ్గర ఆగాడు.

"ఇదొక్కటి వేరే చెయ్యి. చూడండి, అందరి నీడా ఎడమకి. ఒకే గదిలో, ఒకే కూజా ముందు కూర్చున్నారు కదా, ఇదొక్కటే కుడికెలా పడింది? ఈ మడతలు పదిహేనేళ్ళ పిల్ల వేసేవేనా? బయట ఎవరో ఆర్టిస్టు వేసిచ్చినట్టుంది."

ఉడుతని పిలిపించారు.

"ఎవరు వేసిచ్చారమ్మా ఇది?"

"నేనే వేశాను సార్."

"ఎక్కడ?"

"ఇక్కడే సార్."

ఆయన గదంతా చూశాడు. "ఇక్కడంటే ఎక్కడ?"

పిల్ల బల్లల గుట్ట వైపు చెయ్యి చూపించింది. హెడ్మాస్టరు నవ్వాడు. "అక్కడ పిల్లి కూడా పట్టదు."

"వెనకాల కిటికీ ఉంది సార్. వెలుతురు ఎడమ నుంచి వస్తుంది. అందుకే నీడ కుడికి పడింది."

హెడ్మాస్టరు టీచరమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, ఈ పిల్ల ఇక్కడ వేస్తుండగా మీరు చూశారా?"

చూశాను అంటే రెండో ప్రశ్న వస్తుంది. మరి మిగతావాళ్ళు ఎక్కడ కూర్చుని వేశారని. ఆ ప్రశ్న ఆమె కళ్ళ ముందు నిలబడింది. ఉడుత ఆమె మొహంలోకే చూస్తోంది. వెనక వరండాలో క్లాసు పిల్లలంతా ఉన్నారు. తమ ఫైళ్ళు ఎవరు వేశారో వాళ్ళందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు.

"నేను... గమనించలేదు సార్" అంది టీచరమ్మ.

ఫైలు పక్కన పెట్టేశారు. మర్నాడు తల్లి వచ్చి, బొమ్మలు పిల్లవి కావని సంతకం పెట్టి ఫైలు వెనక్కి తీసుకోవాలన్నారు. అంటే ఆ సబ్జెక్టు పోయినట్టే.

వరండాలో ఉడుత టీచరమ్మని ఆపింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. "నా బొమ్మ మీద కూడా మీ చెయ్యి పడి ఉంటే నేనూ పాసయ్యేదాన్ని కదా మేడమ్" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం టీచరమ్మ వంటింటి బల్ల దగ్గర ఊరికే కూర్చుంది. అత్తగారు వచ్చి లైటు వేసింది. బల్ల మీద ఆమె చేతి నీడ ఎడమకి పడింది. చెయ్యి ఎటు తిప్పినా ఎడమకే. అప్పుడు గాని ఆమెకి తాను చేసిన పొరపాటు తెలియలేదు. ఇన్ని లోపాలు కల్పించిన మనిషికి అసలు లోపం కనపడలేదు.

"ఇంకా ఎవరైనా మిగిలారేమిటే వెయ్యాల్సినవాళ్ళు?" అంది అత్తగారు.

"తనే వేసుకున్న పిల్లనొకదాన్ని చెరిపేసి వచ్చాను అత్తయ్యా."

అత్తగారు జరిగిందంతా విన్నది. బల్ల మీది ఉల్లిపాయలు తీసుకుని, "ఇవింక నాకిచ్చేయ్. ఈ దొంగ కూజాలు నా వంటింట్లో మళ్ళీ వెయ్యకు" అంది.

మర్నాడు అందరికన్నా ముందే ఆమె బడికి వెళ్ళి బల్లలు లాగడం మొదలుపెట్టింది. ఊడుస్తున్న ఆయా చీపురు ఆపి, "మీకేం పట్టిందమ్మా పొద్దున్నే?" అంటూనే రెండో కొస పట్టుకుంది. ఒక్కో బల్లా వరండాలోకి వెళ్ళేకొద్దీ గదిలోకి ఒక్కో పలక వెలుతురు వచ్చింది. కిటికీ కింద నేల మీద పెన్సిల్ చెక్కుడు పొట్టు, అన్నం డబ్బా గుండ్రని మరక కనిపించాయి. ఆ విరిగిన బల్ల మీద గుడ్డ పరిచి కూజా పెట్టింది. నీడ కుడికి జారి పడుకుంది.

పరీక్షాధికారి, హెడ్మాస్టరు వచ్చేసరికి ఇస్త్రీ ఆవిడ కూతురితో గుమ్మంలో నిలబడి ఉంది. చేతికి ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు, కొంగు నిండుగా కప్పుకుంది. టీచరమ్మని చూసి ముందుగా ఆవిడే పలకరించింది.

"అమ్మా, మీ ఇంటి బట్టలు నా దగ్గరికే వస్తాయి. మీ జాకెట్టు చేతులకి ఎప్పుడూ పెన్సిల్ నలుపే. పాపం, పిల్లలకి నేర్పడానికి ఎంత అరిగిపోతుందో ఈ తల్లి అనుకునేదాన్ని. మీరు చెప్పండమ్మా, నా కూతురు దొంగదా?"

టీచరమ్మకి తల ఎత్తబుద్ధి కాలేదు. కానీ ఎత్తింది.

"కాదమ్మా. సార్, ఆ పిల్ల ఇక్కడే కూర్చుని వేసింది. నేను చూశాను. నిన్న అబద్ధం చెప్పాను. నీడ చూడండి."

పరీక్షాధికారి కూజాని చూశాడు, కిటికీని చూశాడు, చేతిలోని కాగితాన్ని చూశాడు. హెడ్మాస్టరు ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా, మీరిప్పుడు నోరు జారితే క్లాసంతా పోతుంది. ఊరుకుంటే ఒక్కతే. ఆలోచించుకోండి."

"మిగతావి ఎవరు వేశారో నేను అడగలేదమ్మా" అన్నాడు పరీక్షాధికారి నెమ్మదిగా. "అది తెలియక కాదు. మా బడిలోనూ అంతే. కాకపోతే నేను దీపం మారుస్తుంటాను. టీచరు వేసిందైతే చూసీ చూడనట్టు పోతాం. ఇది టీచరు చెయ్యి కాదు కాబట్టి బయటివాడిదనుకున్నాను."

టీచరు, లేకపోతే బయటివాడు. పిల్ల తనే వేసి ఉండొచ్చన్నది ఆ గదిలో పెద్దవాళ్ళెవరికీ తట్టలేదు. చిత్రకళ నేర్పే ఇద్దరితో సహా.

"ఇప్పుడు అడగండి సార్" అంది ఆమె. "అవన్నీ నేనే వేశాను. నాకు పడాల్సిన శిక్ష పడనివ్వండి. పిల్లలందరినీ ఇక్కడ కూర్చోబెట్టి మళ్ళీ వేయించండి. ఈ అమ్మాయిని కూడా."

"మేడమ్‌కి ఒంట్లో బాగోలేదు సార్" అన్నాడు హెడ్మాస్టరు.

పరీక్షాధికారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పిల్లల్ని పిలవండి."

ఆ పూట ఆ గదిలో జరిగినదాన్ని పరీక్ష అనలేం. పిల్లలు వచ్చి కూజా చుట్టూ కూర్చున్నారు. కొందరు స్కేలు బయటికి తీశారు, కూజా గీయడానికి. ఒకమ్మాయి కూజా మూతి గీసి చెరిపి, గీసి చెరిపి కాగితానికి చిల్లు పెట్టింది. ఇంకొకడు పక్కవాడి కాగితంలోకి చూస్తున్నాడు. ఆ పక్కవాడిది తెల్లగా ఉంది. ఉడుత కిటికీ పక్కన తన పాత చోటులోనే కూర్చుని వేసుకుంటోంది. నిన్నటి కాగితంలోని మడతలే మళ్ళీ మెల్లగా లేస్తున్నాయి. పరీక్షాధికారి ఆ పిల్ల వెనక నిలబడి చాలాసేపు కదల్లేదు.

టీచరమ్మ వరసల మధ్య నడుస్తోంది. ఇన్నేళ్ళలో పిల్లల మధ్య అంతసేపు నడవడం ఆమెకి అదే మొదలు. ముందు వరసలో ఒకబ్బాయి చెయ్యెత్తాడు. నిన్నటి ఫైళ్ళలో అందరికన్నా మంచి ఫైలు అతనిదే. మంచి కుర్రాడు, మర్యాద తెలిసినవాడు. కూజా అయిదడుగుల దూరంలో ఉంది. దాని నీడ అతని కాళ్ళ దాకా వచ్చి పడింది.

"నీడ ఎటు వెయ్యాలి, మేడమ్?" అని అడిగాడు.

ఆమె నీడ వైపు వేలు చూపించబోయింది. వేలు వెనక్కి తీసుకుంది. ఇన్నేళ్ళూ వాళ్ళకి మార్కులు ఇప్పించాను కదా అని మనసు మూలలో ఓ చిన్న సమర్థింపు దాచుకుంది. అది ఆ ప్రశ్నతో పోయింది. వాళ్ళకి బొమ్మ రాకపోవడం అలా ఉంచండి. ఎదురుగా ఉన్నదాన్ని చూడొచ్చని కూడా వాళ్ళకెవరూ చెప్పలేదు. ఆ చెప్పాల్సిన మనిషి తనే. వాళ్ళ బదులు తను చూసి, తను వేసి, సంతకం మాత్రం వాళ్ళతో పెట్టించింది.

"నువ్వు చూసి చెప్పు నాన్నా" అంది. ఆ అబ్బాయి అప్పుడు తల వంచి చూశాడు.

ఉడుత ఫైలు నిలబడింది. గ్రేడు వచ్చింది, కాలేజీలో చేరింది. మిగతా పిల్లల మార్కులు అంతంతమాత్రం. కొందరికి ఆ సబ్జెక్టు పోయింది. వాళ్ళ తల్లిదండ్రులు బడి గేటు దగ్గర టీచరమ్మని నిలేశారు. "ఇన్నాళ్ళూ నువ్వే కదా వేశావు, ఈ ఏడు మా వాడి దగ్గరికొచ్చేసరికే నీకు నీతి గుర్తొచ్చిందా?" అని ఒకావిడ అడిగింది. ఆమె తల వంచుకుని నిలబడింది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదనిపించింది.

ఆమెని సంజాయిషీ అడిగారు, జీతంలో పెంపు ఆపారు. పీరియడ్లు పట్టుకుపోయినవాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ గదిలోకి బల్లలు పెట్టించిన హెడ్మాస్టరు, బడి పరువు కాపాడినందుకు ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. వరండాలో అడ్డంగా ఉన్నాయని సెలవుల్లో బల్లల్ని మళ్ళీ లోపలికి తోశారు. ఆమె మళ్ళీ బయటికి లాగింది. ఇప్పుడు లెక్కల మాస్టారు వస్తే బోర్డుకి అడ్డంగా నిలబడి, "లేదండీ, ఇది నా పీరియడ్" అంటుంది. ఆ మాట అనేటప్పుడు ఇప్పటికీ ఆమె చెవులు ఎర్రబడతాయి. స్టాఫ్‌రూములో ఆమె పక్కన కుర్చీ ఖాళీగా ఉంటోంది.

ఉడుత సెలవులకి వచ్చినప్పుడు వీధిలో ఎదురుపడితే "బాగున్నారా మేడమ్" అంటుంది. ఆగదు. ఆగకపోవడమే న్యాయమని టీచరమ్మ అంటుంది.

ఇందులో ఒక్క టీచరమ్మ తలే వంగాలా? తేలిగ్గా మార్కులొస్తాయని పిల్లలు ఆ సబ్జెక్టు తీసుకునేలా చేసింది మనం. ఫైలు ఎవరు వేశారని ఒక్కసారీ అడగనిది మనం. గోడకి తగిలించిన బొమ్మ బాగుందని మురిసి, నువ్వెక్కడ కూర్చుని వేశావురా అని అడగని తల్లిదండ్రులం మనం.

కాబట్టి ఒక పని చెయ్యండి. ఈ వారంలో మీ పిల్లల బడికి వెళ్ళండి. డ్రాయింగు పీరియడ్ ఏ రోజో కనుక్కుని ఆ గంటకే వెళ్ళండి. ఆ గంటలో బోర్డు మీద లెక్క కనిపిస్తే, ఇదేమిటని పైకి వినపడేలా అడగండి. ఒక్కరు అడిగితే గొడవంటారు, నలుగురితో వెళ్ళండి. డ్రాయింగు గది తాళం తీయించండి. లోపల విరిగిన బల్లలుంటే చెరో కొసా పట్టుకుని బయటికి మొయ్యండి. ఇంటికొచ్చాక పిల్లల ముందు ఓ గ్లాసు పెట్టి, దాని నీడ ఎటుందో అడగండి. వాళ్ళు గ్లాసు వైపు కాకుండా మీ మొహం వైపు చూస్తే, మర్నాడు మళ్ళీ బడికి వెళ్ళండి.